బావ నడుము మీద ఎనిమిది వందల యాభై గ్రాములు

ముందు పోయినవాటి లెక్క చూద్దాం.

మా బావ రిటైరైన రోజు పోలీస్ స్టేషన్లో ఆయుధాల గది కిటికీ దగ్గర అప్పగించినవి: పిస్టల్ ఒకటి, అందులోకి ఎక్కే తూటాలు, విడిగా ఇంకో మ్యాగజైన్, బేడీలు ఒక జత, వాటి తాళంచెవి. అవన్నీ ప్రభుత్వానివి. తోలు ఒర మాత్రం ఆయన సొంతానికి కుట్టించుకున్నది కాబట్టి ఖాళీ కడుపుతో ఇంటికి వచ్చింది. మా అక్క పోగొట్టుకున్నది: నిటారుగా నిలబడే భర్త. నేను పోగొట్టుకున్నవి: ఐదు వందల గ్రాముల ఇత్తడి తూకపురాయి ఒకటి, రెండు వందలది ఒకటి, వందది ఒకటి, యాభైది ఒకటి. వెరసి ఎనిమిది వందల యాభై గ్రాములు. ఎవరి నష్టం పెద్దదని అడిగితే అక్క తనదే అంటుంది, బావ తనదే అంటాడు. తూచి చూపించగలిగేది మాత్రం నాదొక్కటే.

నేను మలేసియాలో, తెలుక్ ఇంటాన్ బయట ఒక పామాయిల్ మిల్లులో లారీ కాటా మీద పని చేస్తాను. గెలలతో వచ్చిన లారీ కాటా ఎక్కుతుంది, నిండు తూకం తీస్తాను. గెలలు దింపి తిరిగి వస్తుంది, ఖాళీ తూకం తీస్తాను. ఆ రెండింటికీ మధ్య ఉన్న తేడాయే నా అన్నం. లెక్కలు నాకు బడిలో అంటలేదు. కాటా గదిలో కూర్చుని లారీలను చూస్తూ చూస్తూ నేర్చుకున్నవే. ఇప్పుడు లారీ గేటు మలుపు తిరుగుతుంటేనే బరువు ఎటు పక్కకి జరిగిందో చెప్పగలను. డ్రైవర్లు నాతో పందెం కాయడం మానేసి చాలా కాలమైంది.

తూకపురాళ్ళు మాత్రం మిల్లువి కావు, మా ఇంటివి. సుంగై సిపుట్ దగ్గర రబ్బరు తోటలో మా తాత గుమాస్తాగా చేసి, తరువాత తోట బయట చిల్లర కొట్టు పెట్టాడు. ఆయన కాలంలో తూకమంటే కాటీలు, తాహీలు. దేశం కిలోల్లోకి మారాక నాన్న ఒక చెక్కపెట్టెలో వచ్చే ఇత్తడి రాళ్ళు కొన్నాడు. కొట్టు పోయింది, త్రాసు పోయింది, పెట్టె నాకు వచ్చింది. అందులో ప్రతి రాయికీ దాని కొలతకి తగిన గుంట ఉంటుంది. ఏటా దీపావళికి ముందు చింతపండు పెట్టి తోముతాను. ఇంట్లో వెండి దీపాలకి కూడా ఆ మర్యాద లేదని నా భార్య అంటుంది. నిజమే. వెండి దీపం బరువెంతో దాని మీద రాసి ఉండదు మరి.

ఇక బావ సంగతి. ఆయన క్రైమ్ బ్రాంచిలో మఫ్టీ పోలీసు. యూనిఫాం వేసుకున్న పోలీసుకి పిస్టల్ అందరికీ కనబడాలి. మఫ్టీలో ఉన్నవాడికి ఎవరికీ కనబడకూడదు. బరువు ఒకటే, పద్ధతి మాత్రం తలకిందులు. అందుకని బావ చొక్కాలన్నీ ఒక సైజు పెద్దవి, ఎప్పుడూ ప్యాంటు బయటే వేలాడుతుండేవి. కుడి పక్క కాస్త వదులుగా కుట్టమని దర్జీకి చెప్పేవాడు. ఎందుకని దర్జీ ఒకసారి అడిగాడట. కారణం తెలిశాక, కుడి నడుము కొలత తీసేటప్పుడు ఊపిరి బిగబట్టుకునేవాడట.

దాచిన తుపాకీలో ఒక చమత్కారం ఉంది. దాన్ని ఎవరూ చూడరు, కానీ ఉందని అందరికీ తెలుసు. ఉగాది భోజనాలకి మా వాళ్ళు బావని హాలు తలుపు పక్క కుర్చీలోనే కూర్చోబెట్టేవారు. బ్యాంకు లాకర్ నుంచి నగలు తెచ్చుకునేవాళ్ళు, "మీరేటీ సెయ్యక్కర్లేదు, మా పక్కన నడవండి సాలు" అని వచ్చి తీసుకెళ్ళేవారు. పిల్లలు అల్లరి చేస్తే తల్లులు ఏమీ అనకుండా బావ చొక్కా వైపు ఒకసారి చూసేవారు. అన్నేళ్ళలో ఆయన ఒక్కసారి కూడా చొక్కా ఎత్తి చూపించలేదు. చూపిస్తే ఉద్యోగానికి చేటు, చూపించకపోతే గౌరవం. రెండూ తెలిసిన మనిషి.

రిటైరైన మర్నాటి నుంచి తుపాకీ విషయంలో బావా నేనూ సమానమైపోయాం. మా దేశంలో ఇంతకాలం పోలీసుగా చేశాడు కదా అని ఎవరి నడుముకీ పిస్టల్ వదిలిపెట్టరు. కావాలంటే లైసెన్స్‌కి అర్జీ పెట్టుకోవాలి, ఎందుకు కావాలో చెప్పాలి, పైవాళ్ళు నమ్మాలి. నమ్మి ఇచ్చినా, ఏ తుపాకీ, ఎన్ని తూటాలు అన్నీ ఆ లైసెన్స్ మీదే రాసి ఉంటాయి. నిన్నటి దాకా పిస్టల్ ఏదని సంజాయిషీ అడిగిన ప్రభుత్వం, ఇవాళ పిస్టల్ ఎందుకని సంజాయిషీ అడుగుతుంది. బావకి ఇది మింగుడు పడలేదు. అర్జీ పెట్టాడు. ఇంటర్వ్యూకి పిలిచారు. అటు పక్క కూర్చున్న ఆఫీసరు ఒకప్పుడు బావ వెనకే తిరిగి పని నేర్చుకున్నవాడు.

తిరిగొచ్చాక వాళ్ళింటి వరండాలో కాఫీ తాగుతూ అడిగాను.

"ఏటన్నాడు బావా?"

"ప్రాణభయం ఉందా అని అడిగినాడు. నాను జైలుకి పంపినోళ్ళు ఊళ్ళో తిరుగుతన్నారు కదరా అన్నాను."

"మరి?"

"ఒక్కొక్కడి పేరూ సెప్పమన్నాడు. ఒకడు పోయినాడు. ఒకడు మంచం మీదున్నాడు. ఇంకొకడు ఏటా దీపావళికి మనింటికి మురుకులు పంపుతున్నాడు కదా, ఆడు."

"మురుకుల సంగతి ఆఫీసరుకెలా తెలిసింది?"

బావ కాఫీ గ్లాసులోకి చూస్తూ మాట చివర మలాయివాళ్ళలా సాగదీశాడు. "నానే సెప్పినాను లాహ్. పోలీసోడన్నాక అబద్ధం ఆడకూడదు కదా."

అర్జీ తిరిగొచ్చింది. తగిన కారణం కనబడలేదన్నారు.

ఆ వారమంతా ఆయన ఫోన్‌కే అతుక్కుపోయాడు. రిటైరైన పోలీసుల గ్రూపులో ఎవరో అమెరికా సంగతులు పెట్టారు. బావ నన్ను పిలిచి మరీ వినిపించాడు.

"సూడు. అక్కడ రిటైరైన పోలీసోడు ఏటేటా కాల్పుల పరీక్ష నెగ్గితే సాలంట. కార్డు జేబులో ఎట్టుకుని, పిస్టల్ సొక్కా కింద ఎట్టుకుని ఏ రాష్ట్రానికైనా ఎల్లొచ్చంట. అదీ మర్యాదంటే!"

వంటింట్లోంచి అక్క గొంతు వచ్చింది. "అక్కడ దొంగలకాడ కూడా పిస్టళ్ళు ఉంటాయంట. మన తెలుక్ ఇంటాన్ దొంగ సైకిల్ ఎత్తుకుపోతన్నాడు. ఆడికి తూటా ఎందుకండీ? రెండు సైకిళ్ళకి తాళాలు ఎయ్యండి సాలు."

"దీనికి చట్టాల సంగతి తెలీదు" అన్నాడు బావ నాతో, గొంతు బాగా తగ్గించి.

"నాకు సెవులున్నాయి" అంది అక్క.

ఇది ఇక్కడితో ఆగిపోయి ఉంటే నా పెట్టె నిండుగా ఉండేది. కానీ అక్క కూతురి నిశ్చితార్థం జరిగింది.

పెళ్ళికొడుకు వాళ్ళది సుంగై సిపుట్. అక్కడే హాల్లో తాంబూలాలు మార్చుకున్నారు. వారం తరువాత ఫొటోలు వచ్చాయి. మేనకోడలు వాటిని టీవీ తెర మీద పెట్టి, మమ్మల్నందరినీ కూర్చోబెట్టింది. ఆ పిల్లకి మన భాష అర్థమవుతుంది కానీ మాట్లాడేది తక్కువ. స్నేహితులతో తమిళం, ఆఫీసులో ఇంగ్లీషు, తండ్రితో మాత్రం పట్టుబట్టి తెలుగు. ఒక ఫొటో దగ్గర ఆపింది. తరువాత ఇంకొకటి. ఇంకొకటి.

"నానా, ఎందుకు నువ్వు అటు పోతన్నావు?"

నిజమే. ఆ పిల్ల ప్రతి ఫొటోలోనూ తండ్రికి కుడి పక్కన నిలబడింది. తండ్రి ప్రతి ఫొటోలోనూ ఎడమకి ఒరిగిపోయి ఉన్నాడు. కూతురి దగ్గర ఏదో వాసన వస్తున్నట్టు, తప్పించుకుందామని చూస్తున్నట్టు.

"నాతో కోపమా?" అంది. నవ్వుతూనే అంది. కానీ ఆ నవ్వు చివరిదాకా నిలవలేదు. "పెళ్ళి ఫొటోలో కూడా ఇట్లా ఉంటే, అందరూ ఏటనుకుంటారు? నానకి ఈ పెళ్ళి ఇష్టం లేదు అనుకుంటారు."

బావ ముఖం చూడలేకపోయాను. దొంగల్ని గంటల తరబడి ప్రశ్నలడిగిన మనిషి, ఈ ఒక్క ప్రశ్నకి రిమోట్ వెతుకుతున్నాడు.

అప్పటికే అక్క ఆయన్ని క్లినిక్‌కి తీసుకెళ్ళింది. ఎముకల్లో ఏ లోపమూ లేదని డాక్టరు చెప్పి, నొప్పి లేని నడుముకి నొప్పి మాత్రలు ఇచ్చాడు. నాకు మాత్రం ఆ ఫొటోలు చూడగానే విషయం తెలిసిపోయింది. మనిషి కాబట్టి డాక్టరుకి చూపించారు. లారీ అయితే నా దగ్గరికి తెచ్చేవాళ్ళు. అన్నేళ్ళు కుడి పక్క బరువు మోసీ మోసీ, తూలిపోకుండా ఉండడానికి నడుము ఎడమకి లాగడం నేర్చుకుంది. బరువు తీసేశారు. లాగడం ఆపమని నడుముకి ఎవరూ చెప్పలేదు.

"అయితే దాన్ని ఎడమ పక్కన నిలబెడదాం" అన్నాడు బావ ఆశగా.

"అప్పుడు దాని మీద పడిపోతావు" అన్నాను.

"పెళ్ళిలో ఎవరెటు నిలబడాలో పంతులు సెప్తాడు, మీరు కాదు" అంది అక్క. "పెళ్ళినాడు ఈ మనిషి నిటారుగా నిలబడాల. నడుం మీద ఏటీ ఉండకూడదు. కన్యాదానంలో సొక్కా కూడా ఉండదు, గుర్తెట్టుకోండి. పంచె, ఉత్తరీయం. అంతే."

ఆ మాటతో బావ ఇంకాస్త ఎడమకి ఒరిగాడు. పెళ్ళికి రెండు నెలల పైచిలుకు టైముంది.

మరుసటి ఆదివారం నా పెట్టె తీసుకుని వెళ్ళాను.

"బావా, నీ పిస్టల్ ఎంత బరువుండేది?"

"తూటాలు నిండా ఎక్కిస్తే ఎనిమిది వందల యాభై, అటూ ఇటూ."

"అటా, ఇటా?"

"ఓరి బామ్మర్దీ, అదేమైనా ఉల్లిపాయలేటిరా! ఎనిమిది వందల యాభై."

ఐదు వందలది, రెండు వందలది, వందది, యాభైది తీశాను. గలగలమనకుండా చేతిరుమాల్లో చుట్టి, ఆ పాత తోలు ఒరలో దూర్చాను. బావ దాన్ని బెల్టుకి తగిలించుకుని, చొక్కా దించుకుని, హాలు మధ్యలో నిలబడ్డాడు. మేము ముగ్గురం ఎదురుగా కూర్చుని చూశాం. ఖాళీ లారీ కాటా ఎక్కినప్పుడు ముల్లు కాసేపు ఊగి, ఊగి, ఒకచోట నిలుస్తుంది. బావ భుజాలు అలాగే ఊగి నిలిచాయి. కుడి ఎడమా ఒకే ఎత్తులో.

"అయ్యో దేవుడా" అని అక్క కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. నవ్వో ఏడుపో తెలియలేదు. మేనకోడలు పరుగున వచ్చి తండ్రి కుడి పక్కన నిలబడి, చెయ్యి చాచి ఫోన్‌తో ఫొటో తీసింది. ఆ ఫొటోలో బావ పాతికేళ్ళ కిందటి పోలీసు.

"బాగుంది. మరి పెళ్ళినాడు ఇది పంచెలో ఎక్కడ ఎడతారు?" అంది అక్క.

దానికి కూడా నేను లెక్క వేసుకునే వచ్చాను. ఒక్కసారిగా తీసేశారు కాబట్టి నడుముకి తెలియలేదు. మెల్లగా తగ్గిస్తే తెలుస్తుంది. వారానికి ఒక వంద గ్రాములు. నా రాళ్ళతో ఆ లెక్క ఎంత అందంగా కుదిరిందో చెబితే ఎవరూ వినరు కాబట్టి ఇక్కడ రాసుకుంటున్నాను. ఏడు వందల యాభైకి వంద తీసెయ్యాలి. ఆరు వందల యాభైకి రెండు వందలు తీసి వంద పెట్టాలి. ఐదు వందల యాభైకి ఆ వందా తీసెయ్యాలి. నాలుగు వందల యాభైకి ఐదు వందలు తీసి, పెట్టెలో ఉన్న రెండు వందల జతని రెండింటినీ పెట్టాలి. ఇలా ఎంతకి దిగినా యాభై గ్రాముల రాయి మాత్రం ఒరలోనే ఉంటుంది. దాన్ని కదపాల్సిన అవసరమే రాదు. అప్పుడు ఇది లెక్కలో అందమనుకున్నాను. చిక్కు అనుకోలేదు.

ప్రతి ఆదివారం ఇడ్లీల తరువాత రాళ్ళ మార్పిడి. బావ ప్రతిసారీ ఒక కారణం చెప్పేవాడు. వర్జ్యం ఉందనేవాడు. వర్షం వచ్చేలా ఉందనేవాడు. ఒక వారం ఆరు వందల యాభై ఉండాల్సిన ఒరలోని మూటని అనుమానం వచ్చి వంటింటి కాటా మీద పెట్టాను. ఏడు వందల ముప్ఫై చూపించింది.

"ఇదేటి బావా?"

"మీ అక్క కాటా పాతది."

విప్పితే టార్చిలైటు బ్యాటరీ ఒకటి, అక్క అడకత్తెర ముక్క ఒకటి దొరికాయి. గెలల లారీ వాళ్ళూ ఇదే చేస్తారు. తూకం పెరగడానికి అడుగున తడి మట్టి వేసుకొస్తారు. ఊరంతటినీ సోదా చేసిన మనిషిని ఆ రోజు నేను సోదా చేశాను.

"అడకత్తెర ఇరిగిపోయిందని పనిమనిషిని అన్నానండీ" అంది అక్క. తరువాతి ఆదివారం బావకి మూడో ఇడ్లీ పడలేదు.

నాలుగు వందల యాభై దగ్గర ఉండగా జార్జ్ టౌన్ వెళ్ళాం. అక్కడ మనవాళ్ళు కొద్దిమందే, కానీ పిలవకపోతే తరతరాలు గుర్తుంచుకునేవాళ్ళు. బావ కారు నడుపుతున్నాడు, పక్కన నేను, వెనక అక్క, ఆమె ఒళ్ళో కుంకుమ భరిణె, శుభలేఖలు. హైవే దిగాక పోలీసుల రోడ్‌బ్లాక్. మా ముందు కార్లన్నిటినీ చెయ్యి ఊపి పంపేస్తున్న కుర్ర కానిస్టేబుల్, మా కిటికీ దగ్గర ఆగిపోయాడు. సీటు బెల్టు బిగుసుకుని, బావ చొక్కా కుడి నడుముకి అతుక్కుపోయి ఉంది. దాని కింద ఒర ఆకారం బొమ్మ గీసినట్టు కనబడుతోంది.

మాటలన్నీ మలాయిలోనే జరిగాయి.

"పాక్‌చిక్" అన్నాడు కుర్రాడు, మన బాబాయ్ అన్నట్టుగా. "నడుము దగ్గర ఏమిటది?"

అతను చెప్పకముందే బావ రెండు చేతులూ స్టీరింగ్ మీద పెట్టేశాడు. ముఖం వెలిగిపోతోంది.

"బాగా చూశావు బాబూ. ఇప్పుడు రెండడుగులు వెనక్కి వెయ్యి. నా చేతుల మీంచి కళ్ళు తియ్యకు. మీ సార్జెంటుని పిలు. ఇలాంటప్పుడు ఒక్కడివే దగ్గరికి రాకూడదు."

కుర్రాడికి చెమటలు పట్టాయి. చెప్పినవన్నీ చెప్పిన వరసలోనే చేశాడు. సార్జెంటు వచ్చాడు. బాగా నెరిసిన మనిషి, నిదానంగా నడుస్తూ.

"లైసెన్స్ ఉందా?"

"దేనికి?"

"నడుము మీద ఉన్నదానికి."

"తూకపురాళ్ళకి లైసెన్స్ ఇవ్వరండి" అన్నాడు బావ. అడిగి ఉంటే దానికి కూడా తగిన కారణం లేదనేవారు అని నాకు అనిపించింది కానీ నోరు మూసుకున్నాను.

అక్క నోరు మూసుకోలేదు. కిటికీ దించి మొదలుపెట్టింది. పిస్టల్ అప్పగించడం, అర్జీ, మురుకులు, నిశ్చితార్థం ఫొటోలు, కూతురు అడిగిన మాట, చివరికి అడకత్తెర. మధ్యలో వేలు నా వైపు చూపించి, "ఈ లెక్కలన్నీ వీడివి, నా తమ్ముడు" అంది. వెనక కార్లు హారన్లు కొడుతున్నాయి. సార్జెంటు ఒర విప్పి, కారు బానెట్ మీద రాళ్ళు వరసగా పెట్టించాడు. రెండు వందలు, రెండు వందలు, యాభై. తోమిన ఇత్తడి ఎండలో మెరిసిపోయింది. కానిస్టేబుల్ వాటి మీద అంకెలు పైకి చదివాడు. నా పెట్టెకి అంత ప్రభుత్వ గౌరవం మునుపెన్నడూ దక్కలేదు.

"చూడండి, బొమ్మ తుపాకీ అయినా సరే, చూపించి జనాన్ని భయపెడితే కేసే. మీకు నేను చెప్పక్కర్లేదు" అన్నాడు సార్జెంటు.

"అందుకే ఎప్పుడూ చూపించలేదు" అన్నాడు బావ.

రాళ్ళు చేతిరుమాల్లో చుడుతూ ఉంటే సార్జెంటు నన్ను కొంచెం పక్కకి పిలిచాడు. గొంతు తగ్గించాడు.

"ఇది నిజంగా పనిచేస్తోందా?"

అప్పుడు ఆయన నిలబడ్డ తీరు చూశాను. కుడి నడుము మీద పిస్టల్. ఎడమ భుజం ఒక పిసరు కిందికి.

"మీకు రిటైర్మెంట్ ఎప్పుడు?"

"వచ్చే ఏడాది."

"ఇత్తడి రాళ్ళే అక్కర్లేదు. పెసలు తూచి గుడ్డ సంచిలో కట్టండి. వారానికి వంద గ్రాములు తీసి వండేసుకోండి."

ఆయన నవ్వలేదు. తలూపాడు. మనసులో లెక్కపెట్టుకుంటున్నట్టు పెదవులు కదిలాయి. తరువాత మా కారుకి సెల్యూట్ కొట్టాడు. అది బావకో, పెసలకో తెలియదు.

జార్జ్ టౌన్ ఉన్న దీవికి వెళ్ళే వంతెన ఎక్కాం. కింద సముద్రం మీద పడవలు వెళ్తున్నాయి.

"ఆ కుర్రోడు గట్టోడు" అన్నాడు బావ. "ఇన్నేళ్ళలో నా సొక్కా కింద ఏటుందో కొత్తోడెవడూ కనిపెట్టలేదు. ఇయ్యాల ఆడు కనిపెట్టినాడు. అంటే దాచడం మర్చిపోతన్నానురా."

"మంచిది" అంది అక్క వెనక నుంచి. మళ్ళీ, మెత్తగా, "నిజంగానే మంచిదండీ" అంది.

ఆ తరువాత బావ కారణాలు చెప్పడం మానేశాడు. మూడు వందల యాభై, రెండు వందల యాభై, నూట యాభై. ప్రతి ఆదివారం తనే ఒర విప్పి నా ముందు పెట్టేవాడు. భుజాలు ఎక్కడా తప్పలేదు. నా పెట్టెలో గుంటలు ఒక్కొక్కటిగా నిండుతున్నాయి. యాభైకి వచ్చాం. యాభై గ్రాములంటే ఏముంది, ఒక వెల్లుల్లిపాయ ఎక్కువో తక్కువో. పెళ్ళికి ముందు ఆదివారం దాన్ని కూడా తీశాను.

బావ ఒరిగిపోయాడు. మొదటి రోజున ఎంత ఒరిగాడో అంత. తిరిగి పెడితే నిటారు. తీస్తే ఒరుగు. నేను నాలుగైదుసార్లు పెట్టి తీసి చూశాను. నాకు తెలిసిన ఏ లెక్కలోనూ ఇది ఇమడలేదు. ఎనిమిది వందలు తీసేస్తే కదలని మనిషి యాభైకి పడిపోవడం ఏ కాటా ఒప్పుకోదు.

"ఏటవుతంది బావా నీకు?"

నా చేతిలోంచి రాయి తీసుకుని తిప్పి చూశాడు. "అది ఉంటే బరువు తగ్గిన లారీలా ఉందిరా. అది తీసేస్తే లారీయే లేనట్టుంది."

అక్క అప్పటికే ఒకటికి పదిసార్లు చెప్పింది, పెళ్ళినాడు నడుం మీద ఏమీ ఉండకూడదని. బావ ఆమెకి మాట ఇచ్చాడు. మాట ఇవ్వడంలో, నిలబెట్టుకోవడంలో ఆయన ఇప్పటికీ పోలీసే.

పెళ్ళి తెలుక్ ఇంటాన్‌లోనే, హాల్లో. ఉదయం బావ పట్టు పంచె కట్టుకుని, ఉత్తరీయం కప్పుకుని, గదిలోంచి బయటికి వచ్చి, నా అరచేతిలో ఆ చిన్న రాయి పెట్టాడు. వెచ్చగా ఉంది.

"తీసుకో. లెక్క సరిపోయింది."

జేబులో వేసుకున్నాను. సంతోషించాల్సిన మాట. పెట్టె నిండినట్టే. కానీ ఆయన మండపం వైపు నడుస్తుంటే వెనక నుంచి చూసి కళ్ళు దించుకున్నాను. ఎడమ పక్క టైరులో గాలి దిగిపోయిన బండి నడుస్తున్నట్టుంది.

మండపం ముందు ఫొటోగ్రాఫర్ తండ్రినీ కూతుర్నీ నిలబెట్టాడు. కూతురు కుడి పక్కన. "అంకుల్, కాస్త ఇటు" అన్నాడు. బావ ఇటు రావాలని చూసి అటే వెళ్ళాడు. "అంకుల్, ఇంకాస్త." చుట్టూ ఉన్న మా వాళ్ళు మాటలాపి చూస్తున్నారు. పెళ్ళికొడుకు తరఫు ఆడవాళ్ళు ఒకరినొకరు చూసుకున్నారు. మేనకోడలే అర అడుగు తండ్రి వైపు జరిగింది. బావ నుదుటి మీద బొట్టు చెమటకి కారుతోంది.

నా ముందుకి ఒక చెయ్యి వచ్చింది. మణికట్టు నిండా గాజులు.

"ఇలా ఇయ్యి" అంది అక్క.

"ఏటి?"

"నీ జేబులోది. నాను సూణ్ణేదనుకున్నావేటి?"

"నువ్వే కదా ఏటీ ఉండకూడదన్నావు!"

"అన్నాను లాహ్. ఇప్పుడు అడుగుతన్నాను. ఇయ్యి."

ఇచ్చాను. అక్క పట్టుచీర సర్దుకుంటూ తిన్నగా బావ దగ్గరికి వెళ్ళింది. "కట్టు జారిపోతంది, ఉండండి" అని అందరికీ వినబడేలా అంటూ, పంచె కుడి పక్క మడతలో వేళ్ళు దూర్చి, బిగించి, రెండు తట్లు తట్టి వెనక్కి వచ్చింది. ఎవరికీ ఏమీ కనబడలేదు. ముప్ఫై ఏళ్ళు దాచేవాడితో కాపురం చేసింది మరి, ఆ మాత్రం పనితనం వస్తుంది.

బావ భుజాలు ఊగి నిలిచాయి. ఫొటోగ్రాఫర్, "అంతే అంకుల్, కదలకండి" అన్నాడు.

ఫొటోలన్నీ వచ్చాయి. కన్యాదానంలో, కాళ్ళు కడిగేటప్పుడు, అక్షింతలప్పుడు, అన్నిట్లో మనిషి నిటారుగా ఉన్నాడు. అప్పగింతల దగ్గరిది ఒక్కటి మాత్రం తేడా. అందులో బావ కుడికి ఒరిగిపోయి ఉన్నాడు, కూతురి తల మీదికి. అది నడుము తప్పు కాదు. ఆ ఫొటోనే ఆ పిల్ల పెద్దది చేయించి సుంగై సిపుట్‌లో వాళ్ళ హాల్లో పెట్టుకుంది.

అన్నీ సర్దుకున్నాక నా రాయి అడిగాను. "మీ అక్క ఇచ్చింది. మీ అక్కనే అడుగు" అన్నాడు బావ. అక్కని అడిగితే, "నువ్వు నాకిచ్చినావు, నాను ఆయనకిచ్చినాను. నా కాడేటుంది?" అంది. ఇప్పుడు ఆయన చొక్కాలు సరిగ్గా తన కొలతకే కుట్టించుకుంటున్నాడు. అయినా మార్కెట్లో కనబడినప్పుడల్లా కుడి జేబు దగ్గర ఒక చిన్న ఉబ్బు ఉంటుంది. నేను అటు చూస్తే ఆయన చేపల వైపు చూస్తాడు.

ఈ దీపావళికీ పెట్టె తీసి తోమాను. అన్ని గుంటల్లోనూ రాళ్ళు మెరుస్తున్నాయి, ఒక్క చిన్న గుంట తప్ప. ఇచ్చినది ఎనిమిది వందల యాభై, తిరిగొచ్చినది ఎనిమిది వందలు. నాకు ఇప్పటికీ రావలసింది యాభై గ్రాములు.